వంతెన దగ్గర పారబోసిన ఐసు

మా టీచరమ్మ పోయారు. ఆ కబురు నాకు మా అమ్మ ఫోనులో చెప్పింది. పొద్దున చేపల పెట్టెతో కోవూరులో ఆవిడ వీధిలోకి అడుగుపెట్టేసరికి గేటు ముందు జనం మూగి ఉన్నారట. పెట్టె ఆటోలోంచి దించకుండానే నాకు ఫోను చేసింది.

"టీచరమ్మ లేదు మే. తెల్లారుజామున కుర్చీలో కూర్చోనుండి అట్టనే పోయినాది. పక్కన టీ గ్లాసు తాగకుండా అట్టనే ఉండాది, చల్లారిపోయి."

"ఆమె టీ ఎప్పుడూ చల్లార్చుకోనే తాగతాది గదమ్మా," అన్నాను. చావు కబురు విని ఎవరైనా అనే మాటేనా అది? కానీ నా నోటికి అదే వచ్చింది. అమ్మ కూడా "అవును గదా" అంది. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం.

నేను నాయుడుపేట దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో, ల్యాబులో పని చేస్తున్నాను. సెలవు పెట్టి బస్సెక్కి కోవూరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటారే, సరిగ్గా అదే. హాల్లో, అద్దాల ఫ్రీజరు పెట్టెలో ఆవిడను పడుకోబెట్టారు. ఆవిడకు అయినవాళ్ళంటూ ఉన్నది ఒక్క చెల్లెలే. భర్త పెళ్ళయిన కొత్తల్లోనే పోయారు, పిల్లలు లేరు. చెల్లెలు బళ్ళారి అవతల ఏదో ఊళ్ళో ఆసుపత్రి నర్సు. కబురు అందినా ఆమెకు రాత్రి బస్సే దొరికింది, మరునాడు మధ్యాహ్నానికి తప్ప చేరలేదు. ఆమె వచ్చి అక్క ముఖం చూసుకున్నాకే భూస్థాపన అని చర్చి సంఘం పెద్దలు నిర్ణయించారు. అందాకా ఆ పెట్టె చల్లగా ఉండాలి. అంతే కావలసింది. ఆ పెట్టె పక్కన చాప మీద కూర్చుని నేను తలుచుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలిసి ఉంటే కనీసం ఒక్కసారైనా ఆవిడ చేత తిట్లు తిని ఉంటారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. మైపాడు దారిలో ఉన్న మా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. కోవూరు నుంచి నెల్లూరుకు ఒక బస్సు, నెల్లూరు నుంచి మా బడికి ఇంకో బస్సు. ఎండాకాలంలో ఆ రెండో బస్సు దిగేసరికి ఆవిడ ముఖం చూస్తే పలకరించడానికి హెడ్మాస్టరు గారే వెనకాడేవారు. "కాసేపు నా దగ్గరికి రాబాకండి. లోపల అణువులు నిలకడగా లేవు," అని చెప్పి, కుండలోని నీళ్ళు రెండు గ్లాసులు తాగి, కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకుని అప్పుడు క్లాసులోకి వచ్చేవారు. కోపం వచ్చినప్పుడు ఏ నిర్ణయమూ తీసుకునేవారు కాదు. ఎవరి మీదైనా హెడ్మాస్టరుకు చెప్పాలనుకుంటే మరునాటికి వాయిదా వేసేవారు. మరునాటికి మర్చిపోయేవారు. అందుకే ఆవిడ తిట్లు మాకు ఎంత అలవాటో, ఆవిడ మీద భయం అంత తక్కువ.

రసాయన చర్యల వేగం గురించి మా పుస్తకంలో రెండు ముక్కలే ఉన్నట్టు గుర్తు. ఆవిడ దాన్ని వారమంతా చెప్పారు. మొదటి రోజు రెండు గాజు గ్లాసులు బల్ల మీద పెట్టారు. ఒకదాంట్లో టీకొట్టు నుంచి తెప్పించిన వేడినీళ్ళు, ఇంకోదాంట్లో కుండ నీళ్ళు. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే మాత్రను రెండు ముక్కలు చేసి, రెండింట్లో ఒకేసారి వేశారు. వేడినీళ్ళలో ముక్క చూస్తుండగానే పొంగిపొర్లి మాయమైంది. కుండ నీళ్ళలోది తీరిగ్గా బుడగలు వదులుతూ, హాజరు పిలిచేదాకా ఉంది.

"రెండూ ఒకటే మాత్ర. నీళ్ళూ ఒకటే. ఏంది తేడా?" అన్నారు.

"వేడి, టీచర్," అన్నాం అందరం.

"వేడి ఏం చేసింది?"

మరునాడు ఆవిడ సంచీలోంచి కొబ్బరికాయ తీశారు. మొదటి బెంచీలో ఉన్న నాకిచ్చి, వేలితో తడుతూ ఉండమన్నారు. నేను తట్టాను. నా తర్వాత పక్కమ్మాయి తట్టింది. కాయ క్లాసంతా తిరిగింది. అందరం కలిసి ఎంత తట్టినా కాయకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆవిడ దాన్ని తీసుకుని గుమ్మం దగ్గర మెట్టు మీద ఒక్క దెబ్బ వేశారు, రెండు చెక్కలైంది.

"ఏ పదార్థంలో అయినా అణువులు ఊరికే ఉండవు. తిరగతా ఉంటాయి, ఒకదాన్నొకటి గుద్దుకుంటా ఉంటాయి. కానీ ఊరికే తగిలితే ఏమీ కాదు, మీరు వేలితో తట్టినట్టే. గట్టిగా తగలాల. అప్పుడే పాతది విడిపోయి కొత్తది పుడతాది. వేడి ఎక్కితే అవి బిరబిరా తిరుగుతాయి, ఎక్కువసార్లు తగులుకుంటాయి, అన్నిటికన్నా ముఖ్యం, గట్టిగా తగులుకుంటాయి. అందుకే పని తొందరగా అయిపోతాది. చల్లబడితే నీరసంగా తట్టుకుంటా ఉంటాయి."

తర్వాత కొబ్బరి ముక్కలు పంచిపెట్టారు. సైన్సు పాఠానికి ప్రసాదం పెట్టిన క్రైస్తవ టీచరు మా ఒక్కరికే దొరికారని మా క్లాసు పిల్లలు ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్న మైపాడులో పడవ మీద వేటకు వెళ్ళేవాడు. అమ్మ ఒడ్డున చేపలు తీసుకుని, ఐసు వేసిన పెట్టెలో పెట్టి, తోటి ఆడవాళ్ళతో కలిసి ఆటోలో కోవూరు వెళ్ళి వీధుల్లో అమ్మేది. అయితే కోవూరు ఇల్లాళ్ళకు ఒక పట్టింపు ఉండేది. ఐసు కనపడితే చాలు, నిల్వ చేప అనేవాళ్ళు. "మాకు ఐసు చేప వద్దమ్మా, సముద్రంలోంచి తెచ్చింది కావాల," అని తలుపు వేసేసేవాళ్ళు. వాళ్ళను ఏమనగలం? ఎవరో ఎప్పుడో కుళ్ళిన చేపకు ఐసు పూసి అమ్మి ఉంటారు. అందుకని మా వాళ్ళు నెల్లూరు దాటి పెన్నా వంతెన ఎక్కేముందు ఆటో ఆపేవాళ్ళు. పెట్టెల్లో ఐసంతా రోడ్డు పక్కన పారబోసి, చేపలను తడిగుడ్డతో తుడిచి, తట్టలో పేర్చుకుని, అప్పుడే వలలోంచి తీసినట్టు కోవూరులోకి వెళ్ళేవాళ్ళు. ఎండాకాలం పొద్దున కూడా ఆ వంతెన మొదట్లో నేల తడిగా ఉండేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న వేసవి మరీ ఘోరం. వంతెన దగ్గర ఐసు పోయిన చేప నాలుగు వీధులు తిరిగేసరికి మెత్తబడిపోయేది. కొన్నవాళ్ళు పులుసులో వాసన వచ్చిందని మరునాడు ముఖం మీదే అనేవాళ్ళు. వాడుకగా కొనే ఇళ్ళు ఒకటొకటే మానుకున్నాయి. అమ్మ నిర్ణయం చేసేసింది. సెలవుల తర్వాత నేను బడికి పోనక్కర్లేదు, తనతో పాటు ఇంకో తట్ట ఎత్తుకుని వేరే వీధులు తిరగాలి. ఇద్దరం తొందరగా అమ్మేస్తే చేప పాడయ్యేలోపు ఇంటికి రావచ్చని ఆమె ఆలోచన. తప్పేమీ లేదు దాంట్లో. కానీ నాకు చదువుకోవాలని ఉంది. ఎవరికి చెప్పుకోను?

పాఠం మూడో రోజున టీచరమ్మ, "చల్లబరిస్తే చర్య నెమ్మదిస్తాది. మీ ఊళ్ళో ఈ కిటుకు వాడేదెవరు?" అని అడిగారు.

"మా అమ్మ వాళ్ళు, టీచర్. చేపకు ఐసు వేస్తారు," అన్నాను నేను.

అప్పటికే ఆవిడకు తెలుసు, తన వీధిలో చేపలమ్మే మనిషి మా అమ్మేనని. నడుం మీద చేతులు పెట్టుకుని, "అట్టయితే మీ అమ్మ దగ్గర నేను కొన్న చేప పదకొండుకల్లా మెత్తబడతాదేందే?" అన్నారు.

క్లాసంతా నవ్వింది. నాకు ఉక్రోషం పొడుచుకొచ్చింది. "మీ వీధిలో ఐసు చేప కొనరు గదా టీచర్! అందుకని వంతెన కాడ ఐసు పారబోసి తెస్తుండాది," అనేశాను.

నవ్వు ఆగిపోయింది. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. "నేనే పోయిన వారం తట్టలో మిగిలిన ఐసు ముక్క చూసి ఆమెను గేటు కాడి నుంచే పంపించేసినా," అన్నారు. మాకు కాదు, తనకే చెప్పుకున్నట్టు. ఆ తర్వాత పాఠం జరగలేదు.

శనివారం మా ఆటో వంతెన దగ్గర ఆగేసరికి ఆవిడ గొడుగు వేసుకుని అక్కడ నిలబడి ఉన్నారు. రెండో శనివారం, బడికి సెలవు కావడంతో నేనూ అమ్మతో ఉన్నాను. ఆడవాళ్ళు ఐసు పారబోస్తుంటే ఆవిడ చూస్తూ ఉన్నారు. తప్పు చేసి పట్టుబడినట్టు మా అమ్మ తలొంచుకుంది.

"ఏమ్మా, నీకు తెలీదా, ఇది తీసేస్తే చెడిపోతాదని?" అన్నారు టీచరమ్మ.

"తెలీకేం టీచరమ్మా. ఉంచితే మీరు కొనరు, తీస్తే చెడిపోతాది. చెడిపోయిందైనా ఒకరోజు కొంటారు గదా."

ఆవిడ ఒక చేపను ఐసుతో సహా, ఇంకో చేపను ఐసు లేకుండా తీసుకుని, గొడుగు నాకు ఇచ్చి నడిచారు. మరునాడు ఆదివారం కూడా అలాగే రెండు తెమ్మని అమ్మతో చెప్పారు. ముందు ఇంట్లో తాను ఒక్కతే చూసుకుని, ఆ తర్వాతే నలుగురికీ చూపించాలన్నది ఆవిడ పద్ధతి.

ఆ ఆదివారం ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు. ఆరాధన అయ్యాక వీధిలోని ఆడవాళ్ళనూ, పాస్టరమ్మ గారినీ తన వరండాలోకి పిలిచారు. బల్ల మీద రెండు కానాగంత చేపలు, ఒకే వలలోవి, పొద్దున్నుంచీ ఒకటి ఐసులో, ఒకటి ఉత్త పళ్ళెంలో. రెంటి మీదా గుడ్డ కప్పి ఉంది. చూపించేముందు ఒక చిన్న ప్రార్థన చేసుకుందామని పాస్టరమ్మ గారు అన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. పాస్టరమ్మ గారు ప్రార్థన చిన్నదిగా చేస్తారని కోవూరులో ఎవరూ అనరు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఐసులోని చేప లేదు. పిల్లి గోడ దూకుతోంది.

వరండా అంతా పకపకలు. టీచరమ్మ మాత్రం చేతిలో గుడ్డ పట్టుకుని గోడ వైపే చూశారు. "ప్రార్థనలో సైన్సు టీచరు ఒక కన్ను తెరిచి ఉండాల," అని, మళ్ళీ వారం రమ్మని అందరికీ చెప్పారు. పిల్లి కథ ఊరంతా పాకడంతో మళ్ళీ వారానికి వరండా పట్టలేదు. తమాషా చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. ఈసారి పళ్ళేల మీద జల్లెడ బోర్లించి, దాని మీద రోకలి పెట్టి మరీ ప్రార్థన చేశారు.

ఐసులో ఉన్న చేపను వేలితో నొక్కితే సొట్ట పూడుకుంది. మొప్పలు ఎర్రగా ఉన్నాయి. రెండో దాన్ని నొక్కితే వేలి గుర్తు అలాగే ఉండిపోయింది. పాస్టరమ్మ గారు దగ్గరికి వంగి, చప్పున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఐసు వేస్తే రుచి పోతాది అంటారు గదా," అంది ఒకావిడ.

"తిని చెప్పండి," అని టీచరమ్మ మామిడికాయ వేసి పులుసు వండిపెట్టారు. "చేప చచ్చినాక కూడా దానిలో పని జరగతా ఉంటాది. కంటికి కనపడని పురుగు కూడా తింటా ఉంటాది. ఎండ ఆ పనిని పరిగెత్తిస్తాది, ఐసు నిదానం చేస్తాది. ఐసు పాత చేపను కొత్తది చెయ్యదు, కొత్త చేపను పాతబడకుండా కాసేపు పట్టుకోనుంటాది. ఆలస్యం అమృతం విషం అంటారే, ఐసు కాడ ఆ మాట చెల్లదు. ఇక్కడ ఆలస్యమే అమృతం."

వీధి వీధంతా ఒక్కరోజులో మారిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. పులుసు లొట్టలేసుకుంటూ తిని, చెయ్యి కడుక్కుంటూ "ఏమైనా ఐసు ఐసే" అని వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఇప్పటికీ ఆ వీధిలోనే రెండు మూడు ఇళ్ళు ఐసు చేప కొనవు. కానీ చాలా ఇళ్ళు కొన్నాయి. మొదటి రోజుల్లో టీచరమ్మే గేటు దగ్గర నిలబడి, వీధి అందరికీ వినపడేట్టు, "ఏమ్మా, ఐసు ఉందా? ఐసుంటేనే ఇయ్యి!" అని అరిచేవారు. మెల్లగా మా అమ్మకూ ధైర్యం వచ్చింది. "ఐసు చేపలమ్మా!" అని కేకేస్తూ వీధిలో తిరిగిన మొదటి మనిషి మా అమ్మే.

నా చదువు మాట ఆవిడ తేలిగ్గా తీసుకోలేదు. మానిపిస్తున్నారని తెలిసి మా ఇంటికే వచ్చారు, ఒడ్డున పడవలు వచ్చే వేళకు. అమ్మకు పాఠం చెప్పలేదు, బతిమాలలేదు. "నువ్వు చెప్పేది తప్పని నేననను. కానీ వేడిలో తీసుకున్న నిర్ణయం. దాన్ని కాస్త ఐసులో పెట్టు. పది పాసయినాక తీసి చూద్దాం, చెడిపోయిందో లేదో," అన్నారు. అమ్మ నవ్వింది. పది అయ్యాక మళ్ళీ అదే మాట, ఇంటర్ అయ్యాక మళ్ళీ అదే. అలా ఐసు మీద ఐసు వేస్తూ నన్ను డిగ్రీ దాకా దాటించారు. ఇప్పుడు నా ఉద్యోగమంతా రొయ్య ఎంత చల్లగా ఉందో చూడటమే. మొదటి జీతం వచ్చిన రోజు చీర పట్టుకెళితే, "ఎందుకే ఇది? ఒక వంజరం చేప తెచ్చుంటే పొయ్యేది," అని కసిరి, ఆ చీర కట్టుకునే ఫోటో దిగారు. ఆ ఫోటో ఇప్పుడు హాల్లో పూలదండతో ఉంది. ఆవిడకు నేను థాంక్సు అని నోటితో ఎప్పుడూ అనలేదు. అంటే తిట్టేవారు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీరు లేకపోతే నేను లేను టీచర్.

ఇక పెట్టె సంగతి. మరునాడు తెల్లారేసరికి వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు పోయింది. బాగుచేసేవాళ్ళు సాయంత్రం అన్నారు. జనరేటరు కోసం అడగని చోటు లేదు, పెళ్ళిళ్ళ రోజులు, అన్నీ పందిళ్ళలో ఉన్నాయి. ఎనిమిదికే ఎండ చుర్రుమంటోంది. అద్దం లోపలి వైపు చెమ్మ పట్టింది. చెల్లెలికి ఫోను చేస్తే ఇంకా కడప కూడా రాలేదు.

పాస్టరు గారు మంచి మనిషి, బాధపడుతూనే అన్నారు. "ఈ ఎండకు ఇంకా ఉంచితే బాగుండదమ్మా. ఆమెకు ఫోనులో చూపించి, కార్యక్రమం కానిచ్చేద్దాం."

మా అమ్మ మూల నుంచి లేచింది. "ఫోనులో అక్కను ముద్దు పెట్టుకుంటాదా అయ్యా? కాసేపు ఆపండి," అని, నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆటోలో ఎక్కేదాకా ఎక్కడికో చెప్పలేదు. వంతెన దాటి, నెల్లూరు వైపు మొదట్లో దిగాం. పాత చోటే. మా అమ్మ మానేసినా, ఐసు చేప కొనని వీధులు ఇంకా ఉన్నాయి కాబట్టి పారబోసేవాళ్ళూ ఉన్నారు. మొదటి ఆటో వచ్చి ఆగింది. ఆడవాళ్ళు దిగి పెట్టెలు ఎత్తుతున్నారు.

"పారబోయబాకండే!" అని అమ్మ రోడ్డుకు అడ్డంగా పరిగెత్తింది. "కోవూరు టీచరమ్మ పోయినాది. కరెంటు లేదు. చెల్లెలు వచ్చేదాకా ఉంచాల. ఐసు ఈ గోతంలో పొయ్యండి."

"ఎవరు, పిల్లి టీచరమ్మా?" అంది ఒకామె. ఆ పేరు పడిందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె తన పెట్టె మా గోతంలో వంచింది. తర్వాత ఆటో, ఆ తర్వాత ఆటో. ఒకామె చేపల కింద ఉంచుకున్న ఐసు కూడా ఊడ్చి ఇచ్చేసింది. "ఈ పూటకు నా చేప ఏమన్నా కానీ," అంది. జీవితమంతా పారబోయొద్దని ఆవిడ మొత్తుకున్న ఐసు, ఆవిడ కోసమే ఆ రోజు నేల మీద పడకుండా నిలిచింది. అది తలుచుకుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఐసును కవర్లలో కట్టి ఆవిడ చుట్టూ పేర్చాం. కిందా పైనా ఎలా పేర్చాలో అమ్మ చెబుతుంటే పాస్టరమ్మ గారు అందించారు. ఇల్లంతా చేపల వాసన. ఎవరూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు.

చెల్లెలు మధ్యాహ్నం దాటాక వచ్చింది. మూత తీశాం. అక్క బుగ్గ మీద బుగ్గ ఆనించి చాలాసేపు ఉండిపోయింది. "చల్లగా ఉందే అక్క," అని ఒక్క మాట అంది. లేచాక తెలిసింది, ఎక్కడో ఐసుతో పాటు వచ్చిన చేప పొలుసు ఒకటి టీచరమ్మ బుగ్గకు అంటుకుని ఉందని, గోరంత, వెండిలా. నేను తీయబోయాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

శవపేటిక మూత పడేటప్పుడు కిటికీలోంచి ఎండ పడి, ఆ పొలుసు మెరిసింది.